పాత కారు ఫెండర్ అతుకుని సిలికాన్‌తో మూసేయకండి: అపోహలు, వాస్తవాలు

నేను పాత కార్లకు టింకరింగ్ పని చేస్తాను. వానాకాలం వస్తోందంటే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఫెండర్‌కీ బాడీకీ మధ్య సందులోంచి నీళ్లు పోతున్నాయి, ఏదో ఒకటి పెట్టి మూసేయ్" అంటారు. ఫెండర్ అంటే చక్రం మీద కప్పే రేకు. మూయడం పది నిమిషాల పని. దాని వల్ల పాడైన బాడీని బాగు చేయడానికి వారాలు పడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ అతుకు ఏమిటో చూద్దాం. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి నాలుగు ఫెండర్లూ బాడీకి బోల్టులతోనే బిగిస్తారు. మారిస్ మైనర్ వెనక ఫెండర్లూ అంతే. మన దేశంలో బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగింది ఆ మైనరే. ఫెండర్ అంచుకీ బాడీకీ మధ్య బీడింగ్ అనే మెత్తటి పట్టీ ఉంటుంది. బయటికి సన్నటి గుండ్రటి గీతలా కనిపిస్తుంది, లోపల దాని చదునైన తోక బోల్టుల మధ్య నలిగి ఉంటుంది.

అపోహ: బీడింగ్ అందం కోసమే, లేకపోయినా ఫర్వాలేదు.

బండి కదిలినంతసేపూ ఫెండర్ అదురుతూనే ఉంటుంది. మధ్యలో మెత్తటిదేదీ లేకపోతే రెండు రేకులూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ముందు కిర్రుమంటుంది, తర్వాత పెయింట్ అరుగుతుంది, ఆ అరిగిన చోటే తుప్పు పడుతుంది. బీడింగ్ పని ఆ రాపిడిని ఆపడం. నీళ్లను పూర్తిగా ఆపడానికి దాన్ని పెట్టలేదు.

అపోహ: సిలికాన్ కొడితే చుక్క నీరు కూడా పోదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ ట్యూబు మూత తీస్తే వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. ఆరే కొద్దీ అది బయటికి వస్తుంది, పెయింట్ లేచిపోయిన ఇనుము తగిలితే తుప్పు పట్టిస్తుంది. వాసన లేని రకాలున్నాయి కానీ, వాటితోనూ ఇంకో చిక్కు ఉంది. సిలికాన్ మరక మిగిలిన చోట పెయింట్ అంటదు. చిన్న చిన్న గుంటలు పడతాయి, పెయింటర్లు 'ఫిష్ ఐ' అనేవి అవే.

ఆ మధ్య విశాఖ వైపు నుంచి ఒక ఎర్ర బీటిల్ వచ్చింది. బయట నిగనిగలాడుతోంది. బోల్టులన్నీ తీసినా వెనక ఫెండర్ ఊడి రాలేదు, బ్లేడుతో సిలికాన్ కోయాల్సి వచ్చింది. ఊడదీసి చూస్తే జానెడు పొడవున బాడీ అంచు లేదు, తుప్పు పొడి మాత్రమే ఉంది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే అవతలికి దిగింది. కారణం ఒక్కటే. నీళ్లు ఎక్కువగా వచ్చేది పైనుంచి కాదు, టైరు కింద నుంచి చిమ్ముతుంది. బురదతో కలిసి లోపలి వైపు నుంచి అతుకులోకి చేరుతుంది. బయట సిలికాన్ గోడ కట్టాక అది కారిపోవడానికి దారి లేదు. సముద్రపు గాలికి తిరిగే బండికి ఆ తడిలో ఉప్పు కూడా తోడవుతుంది.

అపోహ: పుట్టీ పెట్టి నున్నగా చేస్తే ఒకే రేకులా ఉంటుంది.

కొత్తలో అలాగే ఉంటుంది. ఫెండర్ అదురుతుంది, పుట్టీ వంగదు. పగులుతుంది, ఆ పగులులోంచి నీరు దిగుతుంది. రేపు ఎవరైనా గుద్దితే బోల్టులు విప్పి ఫెండర్ మార్చుకునే వీలూ పోతుంది.

రేకుల అతుకుల్లో పూసే సీమ్ సీలర్ మంచిదే కదా అంటారు. మంచిదే, దాని చోటు వేరు. చక్రం గూట్లో, ఫ్లోర్‌లో రెండు రేకులు ఒకదానిపై ఒకటి వేసి స్పాట్ వెల్డ్ చేసిన చోట, ఎపాక్సీ ప్రైమర్ (రంగుకి ముందు ఇనుము మీద వేసే పూత) మీద పాలీయురెథేన్ సీలర్ పట్టించాలి. విప్పాల్సిన అతుకులో కాదు.

మరి తుప్పు ఆగేదెలా? కంటికి కనపడని అంచుల మీద పెయింట్‌తో. ఫెండర్ ఊడదీసి, ఫెండర్ అంచునీ బాడీ అంచునీ ఇనుము కనిపించేదాకా శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు వేయాలి. పూర్తిగా ఆరాకే బీడింగ్. బిగించాక లోపలి వైపు నుంచి బోల్టులకీ అంచుకీ వ్యాక్స్ కొట్టాలి. బీడింగ్ పెట్టేశాక బండికి రంగు కొట్టేవాళ్లున్నారు. అది చేయకండి. రంగు బీడింగ్‌కీ రేకుకీ కలిపి పొరలా పట్టి, కొన్నాళ్లకి ఆ గీత వెంట చిట్లుతుంది.

బీడింగ్‌ని లాగి బిగించకూడదు. లాగినది తర్వాత ముడుచుకుని చివర్లలో పొట్టిదైపోతుంది. ఎండలో కాసేపు పెడితే మెత్తబడి వంపుకి లొంగుతుంది. వంపుల దగ్గర తోకని 'వి' ఆకారంలో కత్తిరిస్తే ముడతలు రావు. మైనర్‌కీ బీటిల్‌కీ బండి రంగు బీడింగ్‌లు దొరుకుతాయి. దొరకని బండికి సీటు కవర్లు కుట్టేవారి దగ్గర రెక్సిన్‌తో కుట్టించుకోవచ్చు, కానీ లోపల నూలు తాడు వద్దు, ప్లాస్టిక్ తాడు పెట్టమనండి. నూలు తడిని పీల్చి రోజుల తరబడి పట్టుకుంటుంది.

గట్టిగా బిగిస్తే కిర్రు పోతుందన్నదీ తప్పే. అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, ఫెండర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, మధ్య నుంచి చివరలకి కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కటే ముందు బిగిస్తే అంచు వంకరపోతుంది. నేను బండి ఇచ్చిన నెలకి ఓనర్‌ని మళ్లీ రమ్మంటాను. అప్పటికి బీడింగ్ నలిగి సర్దుకుంటుంది, కొన్ని బోల్టులు అర చుట్టు తిరుగుతాయి.