బడితోట: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడి బడులు తెరవగానే మా వరంగల్ వైపు ప్రైమరీ స్కూళ్లలో తోట మాట మొదలవుతుంది. దాని వెంటే అభ్యంతరాలూ వస్తాయి. టీచర్‌గా నేను ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: "చదువుకోమని పంపితే మట్టిపని చేయిస్తున్నారు."

ఈ కోపంలో న్యాయం ఉంది. నీళ్లు మోయించి, కలుపు తీయించి వదిలేస్తే అది పనే, చదువు కాదు. తోటలోకి వెళ్లేముందు పిల్లల దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. ఐదో తరగతికి 12 మీటర్ల తాడిచ్చి, అది చుట్టూ సరిపోయేలా మడి గీయమనండి. ఒక జట్టు 5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు పెడుతుంది. ఇంకో జట్టు అన్ని వైపులా 3 మీటర్లు పెడుతుంది. చుట్టుకొలత ఒక్కటే, వైశాల్యం మాత్రం ఒకరికి 5 చదరపు మీటర్లు, ఇంకొకరికి 9. రెండో జట్టు గెలిచామంటుంది. లోపల కాలు పెట్టకుండా నడిమధ్య కలుపు తీయమనండి, ఎవరి చెయ్యీ అందదు. తొక్కితే మట్టి గట్టిపడుతుంది. మీటరు వెడల్పు మడి ఎందుకో అప్పుడు వాళ్లే చెప్తారు.

వాన కూడా లెక్కే. 10 మిల్లీమీటర్లు పడితే చదరపు మీటరుకు 10 లీటర్లు. 5 చదరపు మీటర్ల మడికి ఎన్ని బకెట్ల నీళ్లు మిగిలాయో నాలుగో తరగతి వాళ్లు చెప్పగలరు.

అపోహ: "తోట సైన్సు పాఠానికే పనికొస్తుంది."

గోడవార నాలుగు గుమ్మడి గింజలు పెట్టి చూడండి. కొన్నాళ్లకు పిల్లలు "సార్, పూలన్నీ రాలిపోతున్నయి, ఒక్క కాయా లేదు" అంటూ వస్తారు. ముందు వచ్చేవి మగపూలు, వాటికి సన్నటి కాడే ఉంటుంది. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి తేనెటీగలను చూడాలంటే మొదటి పీరియడే. ఇక్కడి వరకు సైన్సు. బతుకమ్మకు గుమ్మడిపూలు కావాలి కదా, ఏవి కోస్తే కాయలు పోవు? తేనెటీగల కోసం కొన్ని ఉంచి మగపూలే కోయాలి. ఆ సంగతి రెండో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాయమంటే అది తెలుగు పాఠం. చేన్లో గునుగు కలుపు, బతుకమ్మలో పువ్వు. ఎందుకో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి రాసుకురమ్మంటే, పుస్తకంలో దొరకనివి తెస్తారు.

అపోహ: "మా బడికి జాగా లేదు, నీళ్లు లేవు."

కేంద్రం 2019లో ఇచ్చిన బడితోటల మార్గదర్శకాలే కుండీలు, డబ్బాలు, డాబాలు చాలంటున్నాయి. మధ్యాహ్న భోజనం ముందు చేతులు కడిగిన నీళ్లను కాలువ తీసి మళ్లించినా కొన్ని పాదులు బతుకుతాయి.

అపోహ: "పంట రాకపోతే పరువు పోతుంది."

ఈ టెన్షన్ పెద్దవాళ్లదే. 20 గింజల్లో 13 మొలిస్తే ఆ 7 ఏమయ్యాయో తవ్వి చూడటమే అసలు పాఠం. నిజంగా భయపడాల్సింది వేసవి సెలవులకు. అప్పుడు నీళ్లు పోసేవాళ్లుండరు. మెంతికూర, పాలకూర నెల రోజుల్లో చేతికొస్తాయి కాబట్టి అవి వేసుకోండి, మార్చి తర్వాత కొత్తగా ఏదీ విత్తకండి. బీర, సొర కాయలు రెండు తీగకే ఎండనిచ్చి, గింజలు తీసి, తేదీ రాసి దాచండి. హైబ్రిడ్‌వి మాత్రం దాచొద్దు, మరుసటి ఏడు అదే కాయ రాదు.