ఉప్పునీళ్ళు, ఎర్రగుడ్డ, మన బొంతలు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందుగదిలో శని, ఆదివారాలు బొంతలు కుట్టడం నేర్పుతుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు గుడ్డల మూట విప్పుతుంటే నేనడిగే మొదటి మాట, "తడిపారా?" దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "ఆ, రాత్రంతా ఉప్పునీళ్ళలో వేశానండీ, చుక్క రంగు పోలేదు." అక్కడే నా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుంది.

వాస్తవం: పడదు. రాళ్ళుప్పు వేసినా పడదు, వెనిగర్ పోసినా పడదు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. అద్దకం తొట్టిలో ఉప్పు నిజంగానే వేస్తారు. నీళ్ళలో నూలుకీ రంగుకీ రెండిటికీ ఋణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు ఆ తోపుడు తగ్గించి రంగును పోగు దగ్గరికి చేరుస్తుంది. అంతే దాని పని. 1956 నుంచి మార్కెట్లో ఉన్న రియాక్టివ్ రంగులైతే (పోగుతో రసాయనికంగా కలిసిపోయే రకం), అలా కలిసిపోవడానికి బట్టల సోడా కావాలి. అప్పుడు కూడా కొంత రంగు పట్టకుండా మిగిలిపోతుంది. దాన్ని మరిగే నీళ్ళలో సబ్బుతో ఉతికి వదిలించాలి. ఆ ఉతుకు సరిగా పడని గుడ్డే మన ఇంటికొచ్చి రంగు దిగుతుంది. అక్కడ మిగిలిపోయిన పని మన బక్కెట్లో గుప్పెడు ఉప్పుతో ఎలా పూర్తవుతుంది?

అసలు మోసం ఇంకోటుంది. ఉప్పునీళ్ళలో ఆ వదులు రంగు సరిగా కరగదు, గుడ్డను అంటిపెట్టుకునే ఉంటుంది. నీళ్ళు తేటగా కనిపిస్తాయి. మనం హమ్మయ్య అనుకుంటాం. తర్వాత మామూలు నీళ్ళూ సర్ఫూ తగిలేసరికి దాచుకున్నదంతా కక్కేస్తుంది. అప్పటికి ఆ ఎర్రముక్క పక్కన తెల్లముక్క కుట్టేసి ఉంటాం.

నేనూ ఇలాగే బోల్తాపడ్డాను. మా అక్క కూతురు పురిటికి వచ్చినప్పుడు పక్కబొంత కుట్టాను. తెల్లటి మంగళగిరి నూలు ముక్కలు, మధ్యలో కుంకుమరంగు అచ్చుగుడ్డ. రెండు నెలల పని. ఉప్పునీళ్ళలో పెట్టిన గుడ్డేగా అని ధీమా. బిడ్డ తడిపిన మొదటి రాత్రే ఎర్రముక్క చుట్టూ గులాబీ మరక పాకింది. మా అమ్మ పొద్దున్నే చూసి, "బొంతకి పారాణి పెట్టావేంటే?" అంది.

గుడ్డ కొన్నాక, ముక్కలు కోయకముందే, ఏ రంగుకారంగు విడిగా సర్ఫు వేసిన వేడినీళ్ళలో ఉతకండి, నీళ్ళు తేటపడేదాకా. కుంచించుకుపోయేది కూడా అప్పుడే కుంచించుకుపోతుంది. (సహజ రంగుల కలంకారికి మాత్రం వేడినీళ్ళు వద్దు. చల్లనీళ్ళు, ఘాటులేని సబ్బు చాలు.) ఆ తడిగుడ్డ మీద తెల్ల నూలుముక్క పరిచి ఇస్త్రీపెట్టెతో ఒత్తి చూడండి. తెల్లముక్కకి రంగు అంటిందంటే ఇంకో ఉతుకు. నాలుగైదు ఉతుకులకీ ఆగకపోతే దానితో కర్టెన్ కుట్టుకోండి, బొంత జోలికి తేవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాత చీర ఏదైనా పనికొస్తుందంటారు. చీకిపోయింది పనికిరాదు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగితే చర్రుమందా, వదిలేయండి. పట్టుచీరైతే ఏళ్ళతరబడి ఒకే మడతలో ఉన్నచోట చిట్లుతుంది, అక్కడ చూడండి. మిషన్ మీద కుడితే బొంత కాదంటారు. ఎవరన్నారు? వేళ్ళ నొప్పులున్నవాళ్ళు హాయిగా మిషన్ మీదే కుట్టండి. క్విల్టింగ్, అంటే ఈ బొంతలు కుట్టడం, అమెరికావాళ్ళ హాబీ అంటారు. బెంగాల్లో పాత చీరలతో కుట్టే కాంథా ఉంది. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కవంది అనే తమ బొంతని అంచు దగ్గర మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ పోతారు. అంతదూరం దేనికి, మీ నాయనమ్మ ట్రంకుపెట్టె తెరవండి. ఇక మన ఎండలకి బొంతెందుకు అనేవాళ్ళకి: దూది పెట్టకుండా రెండు నూలుచీరల మధ్య మూడోది వేసి కుట్టండి, ఏసీ గదికి సరిపోతుంది.

ఇప్పటికే రంగు అంటినవాళ్ళు టెన్షన్ పడకండి. ఆరేయవద్దు, ఇస్త్రీ అసలే వద్దు. మొన్న శ్రావణంలో రాత్రి పదింటికి విజయవాడ నుంచి ఒకమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. చనిపోయిన వాళ్ళమ్మ చీరలతో కుట్టుకున్న బొంత. నీలంచీర రంగు గంధంరంగు చీరకి ఎక్కింది. పెద్ద టబ్బు నిండా గీజర్ నీళ్ళు పట్టించి, సర్ఫు కలిపించి, బొంత మొత్తం మునిగేలా వేయమన్నాను. నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, దిగిన రంగు మళ్ళీ గుడ్డకి పట్టకుండా నీళ్ళలోనే ఉంటుంది. తెల్లవారేలోపు మూడుసార్లు నీళ్ళు మార్చింది. నాలుగోసారికి తేటపడ్డాయట.

తర్వాతి ఆదివారం బొంత పట్టుకుని బస్సెక్కి వచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను. అంచు దగ్గర వేలెడంత మేర లేతనీలం ఉండిపోయింది, మిగతాదంతా గంధంరంగే. ఆ మచ్చ మీద వేలుపెట్టి అడిగింది: "ఆంటీ, పోనీ దీనికి కాస్త ఉప్పు వేసి చూడమంటారా?"