నెమ్మదించిన కంప్యూటరుకు ర్యామ్ పెంచాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసే నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది, యంత్రాన్ని బల్ల మీద పెట్టకముందే "ర్యామ్ వేసేయండి" అంటారు. ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు పనిచేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక చోటు. జబ్బు చెప్పకుండా మందుల చీటీ తామే రాసుకొచ్చినట్లు ఉంటుంది. అడిగినది వేసి పంపితే నాకు బేరమే గానీ, అదే ఫిర్యాదుతో వారం తిరక్కుండా వారు మళ్లీ రావలసి వస్తుంది.

అపోహ: కంప్యూటర్ నెమ్మదించిందంటే ర్యామ్ చాలడం లేదని అర్థం.

వాస్తవం: కొన్నిసార్లు అది నిజమే. కళ్లంలో చోటు చాలనప్పుడు కొన్ని మోపులను పక్కకు తీసి, మళ్లీ తెచ్చి పరవవలసి వచ్చినట్లే, ర్యామ్ నిండినప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని డిస్కులోని పేజ్ ఫైల్‌లోకి తరలించి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ర్యామ్‌తో పోలిస్తే డిస్కు ఎన్నో రెట్లు నెమ్మది కనుక ఆ రాకపోకలే మనకు జాప్యంగా కనిపిస్తాయి. అయితే కళ్లం సగం ఖాళీగా ఉండి, గాదెలోంచి (అంటే డిస్కులోంచి) ధాన్యం బయటకు రావడమే ఆలస్యమవుతుంటే కళ్లాన్ని పెంచి ప్రయోజనం లేదు.

ఏది కారణమో తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు కాదు. యంత్రం మొరాయిస్తున్న సమయంలోనే, రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ భాగాన్ని చూడండి. మెమరీ (అక్కడ ర్యామ్ పేరు ఇదే) 90 శాతం దాటి అక్కడే నిలిచిపోతే ర్యామ్ పెంచడం సబబు. మెమరీ సగం దగ్గరే ఉండి డిస్కు 100 శాతం వద్ద కదలకుండా ఉంటే లోపం డిస్కుది. రెండూ నిండి ఉంటే, ర్యామ్ చాలక ఆ భారం డిస్కు మీద పడుతూ ఉండవచ్చు. ప్రాసెసర్ మాత్రమే నిండి ఉంటే, ఏ ప్రోగ్రామ్ దాన్ని తినేస్తోందో, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందేమో ముందు చూడాలి.

ఈ పరీక్ష విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. వృత్తిలో కొత్తగా ఉన్నప్పుడు, పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరి కంప్యూటరులో 4 జీబీని 8 జీబీ చేసి పంపాను. కొద్ది రోజులకే అది తిరిగివచ్చింది. పాత హార్డ్ డిస్కు చివరి దశలో ఉందని అప్పుడు గమనించాను. ర్యామ్ డబ్బు వెనక్కి ఇచ్చి ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) వేశాక ఆయన ఫిర్యాదు తీరింది. హార్డ్ డిస్కులో ముల్లు కదిలి ఒక చోటికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడితే, ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు.

అపోహ: "మెమరీ ఫుల్" అని వస్తే ర్యామ్ వేయాలి.

వాస్తవం: ఫోన్లు నేర్పిన మాట ఇది. ఫోటోలు, వీడియోలు దాచుకునే చోటునే మనం మెమరీ అనడం అలవాటైంది. డిస్కులో విండోస్ ఉండే సి డ్రైవ్ నిండితే ఖాళీ చేయాలి; ర్యామ్ ఎంత వేసినా అక్కడ అంగుళం చోటు కూడా పెరగదు.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత వేగం.

వాస్తవం: అవసరం తీరాక మిగిలిన ర్యామ్ వల్ల కనిపించే తేడా చాలా తక్కువ. బ్రౌజర్, లెక్కలు, దరఖాస్తుల పనికి 8 జీబీ చాలును. ఫోటో, వీడియో పనులకు 16 జీబీ మేలు. పైగా 32 బిట్ విండోస్ 10 ఉన్న యంత్రంలో 8 జీబీ వేసినా అది 4 జీబీకి మించి వాడుకోలేదు.

అపోహ: బయటకు ఒకేలా ఉంటాయి కాబట్టి ఏ ర్యామ్ అయినా పడుతుంది.

వాస్తవం: డీడీఆర్3, డీడీఆర్4 అనే రెండు తరాల ర్యామ్‌ల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, బలవంతంగా నొక్కితే స్లాటే పాడవుతుంది. డీడీఆర్3 1.5 వోల్టులతో పనిచేస్తే, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతోనూ పనిచేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు రెండోదాన్ని మాత్రమే అంగీకరిస్తాయి. మరికొన్నింటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు కనుక, అదనపు స్లాటు లేకపోతే పెంచే దారే ఉండదు.

అపోహ: ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో తుడిస్తే వేగం పెరుగుతుంది.

వాస్తవం: మా తీరప్రాంతపు తేమకు ర్యామ్ అంచులు మసకబారి, తెర మీద ఏమీ రానప్పుడు ఈ చిట్కా నేనూ వాడతాను. నడుస్తున్న యంత్రం వేగానికి దానితో సంబంధం లేదు.

అపోహ: ఎంత పాత యంత్రమైనా ర్యామ్ వేస్తే ఇంకో ఐదేళ్లు నడుస్తుంది.

వాస్తవం: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 పాత ప్రాసెసర్లను అంగీకరించదు. అటువంటి యంత్రానికి ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ వేయమని ఎవరైనా అడిగితే, ఆ ఖర్చునూ సెకండ్‌హ్యాండ్‌లో దొరికే కొత్త తరం కంప్యూటర్ ధరనూ ఒకే కాగితం మీద రాసి వారి చేతికే ఇస్తాను.