పసుపు రేకుల డబ్బా తగువు

చిరంజీవులకు తాతయ్య దీవించి రాసేది.

మొన్న మీ అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల మీ ఇద్దరి తగువు వినిపించింది. వంటింట్లోకి కొత్తగా వచ్చిన డబ్బాలోని పసుపు రంగు రేకులు చచ్చిన పురుగుల పొడి అని చిన్నది, కాదు చీజ్ పొడి అని పెద్దాడు. ఫోన్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇద్దరూ ఓడిపోయారు గానీ, చిన్నదే కాస్త దగ్గరగా వచ్చింది. అది చచ్చిందే. పురుగు మాత్రం కాదు.

దాని పేరు న్యూట్రిషనల్ ఈస్ట్. ఈస్ట్ అంటే ఒకే ఒక్క కణంతో బతికే ఫంగస్, పుట్టగొడుగులకు దూరపు చుట్టం. జంతువు కాదు, మొక్కా కాదు. అందులో పాలచుక్క కూడా ఉండదు. అందుకే పాలూ మాంసం ముట్టని వీగన్లు చీజ్ బదులు దీన్ని చల్లుకుంటారు, ముద్దుగా నూచ్ అని పిలుచుకుంటారు. ఒక్కో కణం సైజు 5 నుంచి 10 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పది కణాలను వరసగా నిలబెడితే ఇంచుమించు మీ తలవెంట్రుక మందం వస్తుంది. చెంచాడు రేకుల్లో అలాంటివి వేల కోట్లు.

పూర్తి పేరు శాకరోమైసిస్ సెరివిసియే. నోరు తిరక్కపోతే వదిలేయండి, నాకూ మొదట్లో తిరగలేదు. ముందు మాటకి చక్కెర ఫంగస్ అని అర్థం, వెనక మాట లాటిన్‌లో బీరుకున్న పేరు నుంచి వచ్చింది. బ్రెడ్‌ని పొంగించేదీ ఇదే జాతి. 

అక్కడే నేను ఒకసారి బోల్తా పడ్డాను. బ్రెడ్ చేద్దామని మైదాలో ఈ పసుపు రేకులు కలిపి, తడిబట్ట కప్పి కూర్చున్నాను. ఈస్టే కదా, పొంగకేం చేస్తుందని ధీమా. నాలుగు గంటలైనా ముద్ద అంగుళం కదల్లేదు. అయినా పట్టుదలకొద్దీ కాల్చాను. మీ అమ్మమ్మ దాన్ని తలుపుకి అడ్డం పెట్టుకుంది. తప్పు ఈస్ట్‌ది కాదు. చచ్చినదాన్ని పని చెయ్యమన్న నాది.

అది ఎలా పుట్టి ఎలా చచ్చిందో చెబుతాను వినండి. పెద్ద పెద్ద ట్యాంకుల్లో నీళ్ళు కలిపిన మొలాసిస్ ఉంటుంది. మొలాసిస్ అంటే చెరకు నుంచో బీట్ దుంపల నుంచో చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి. అందులో ఈస్ట్‌ని వదిలి, కింద నుంచి గాలి కొడుతూ ఉంటారు. గాలి ఎందుకంటే, ఆక్సిజన్ అందని ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్‌గా మార్చేస్తూ కూర్చుంటుంది, పెద్దగా పెరగదు. ఆక్సిజన్ దండిగా ఉంటే తిన్నది ఒంటికి పట్టి పిల్లల్ని పెడుతుంది. తమాషా ఏమిటంటే, మొలాసిస్ అంతా ఒకేసారి గుమ్మరించారో, గాలి ఎంత కొట్టినా అది మళ్ళీ ఆల్కహాల్ దారి పడుతుంది. ఎక్కువ తీపి కనపడితే దానికీ ఒళ్ళు తెలియదు! అందుకే కొంచెం కొంచెంగా పోస్తూ ఉంటారు.

పిల్లల్ని పెట్టడం కూడా మైక్రోస్కోప్‌లో చూడాల్సిన దృశ్యం. గుడ్డులా ఉన్న కణానికి ఒక పక్క చిన్న బొడిపె మొలుస్తుంది. చూస్తుండగానే ఉబ్బుతుంది, తల్లిలో సగానికి పైగా పెరిగాక విడిపోతుంది. పరిస్థితులు బాగుంటే ఇదంతా గంటన్నర, రెండు గంటల పని. విడిపోయిన చోట తల్లి ఒంటి మీద గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలు లెక్కపెడితే ఎన్ని కాన్పులయ్యాయో తెలిసిపోతుంది. ఒక తల్లి ఇరవై పాతిక సార్లు అలా మొలకెత్తి, ఆ తర్వాత ముసలిదై ఆగిపోతుంది.

బాగా పెరిగాక మెషిన్లో గిర్రున తిప్పి ఈస్ట్‌ని నీళ్ళ నుంచి వేరు చేస్తారు, కడుగుతారు, వేడి చేసి చంపుతారు. ఆ చిక్కటి ముద్దని తిరుగుతున్న వేడి డ్రమ్ము మీద పలచగా పూస్తే క్షణాల్లో ఎండి పొరలా అంటుకుంటుంది. దాన్ని బ్లేడు గీకేస్తుంది. మీ డబ్బాలో రేకులు రేకులుగా కనిపించేది ఆ గీకిన పొరే.

చంపడం ఎందుకని చిన్నది అడుగుతుంది, తెలుసు. బతికున్న ఈస్ట్‌ని అలాగే మింగితే కడుపులో గ్యాస్ చేస్తుంది. పైగా తనలో ఉన్న థయమిన్ అనే బి విటమిన్‌ని మనకివ్వకుండా దాచుకుని వెళ్ళిపోతుంది. చచ్చిన కణమైతే గుట్టు విప్పుతుంది. అన్నట్టు, దీన్ని బ్రూవర్స్ ఈస్ట్‌తో కలగాపులగం చేసుకోకండి. అది బీరు తయారయ్యాక మిగిలేది. బీరులో వేసే హాప్స్ పూల చేదు దాన్ని పట్టుకుని ఉంటుంది.

ఇప్పుడు పెద్దాడి చీజ్ సంగతి. పాలు లేకుండా ఆ రుచి ఎక్కడిది? 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే కెమిస్ట్ కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారుకి అంత రుచి ఎందుకని పట్టుబట్టి వెతికాడు. దొరికింది గ్లుటమేట్ అనే పదార్థం. తీపి, పులుపు, ఉప్పు, చేదు దేనిలోనూ ఇమడని ఆ కమ్మదనానికి ఉమామి అని పేరు పెట్టాడు. ముదిరిన చీజ్‌లో ఉండేదీ, ఈస్ట్‌లో ఉండేదీ ఈ గ్లుటమేటే. నాలుకకి రెండూ బంధువుల్లా అనిపించడం అందుకే.

కథ అంతటితో అయిపోలేదు. అకిరా కునినాకా అనే ఇంకో జపాన్ శాస్త్రవేత్త 1950లలో ఈస్ట్‌లోని ఆర్‌ఎన్‌ఏని (ప్రోటీన్లు తయారు చేసుకోవడానికి కణం వాడుకునే పదార్థం) విడగొడుతూ గ్వానిలేట్ అనే పదార్థం కూడా ఉమామి రుచి ఇస్తుందని గమనించాడు. దాన్నీ గ్లుటమేట్‌నీ కలిపితే రుచి రెండింతలు కాదు, చాలా రెట్లు పెరుగుతోంది. ఒక్క ఈస్ట్ కణంలో గ్లుటమేట్ ఉంది, బోలెడు ఆర్‌ఎన్‌ఏ ఉంది. చిటికెడు వేస్తే చారు రంగే మారిపోయినట్టు ఉండడంలో వింతేముంది?

నమ్మకపోతే ఉడికించిన బంగాళాదుంపని రెండు ముక్కలు చెయ్యండి. ఒకదాని మీద ఉప్పు, రెండోదాని మీద అంతే ఉప్పుతో పాటు అర చెంచా రేకులు. ఉప్పు లేకుండా ఉత్త రేకులు మాత్రం తినకండి, అట్టముక్క నమిలినట్టుంటుంది. మామూలుగా ఇందులో ఉప్పు చాలా తక్కువ. పాప్‌కార్న్ మీదా, సూప్‌లోనూ బాగుంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే కొన్ని విటమిన్లు పోతాయి కాబట్టి దించే ముందు వేసుకోవాలి.

దీని బరువులో ఇంచుమించు సగం ప్రోటీనే. మన ఒంటికి తనంతట తాను చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ, అంటే ప్రోటీన్‌ని కట్టే ఇటుకలూ, అందులో ఉన్నాయి. కానీ తినేదే రెండు చెంచాలు, అందులో సగం ఎంత? దీంతోనే ప్రోటీన్ అంతా వచ్చేస్తుందనుకుంటే పొరపాటు.

డబ్బా మీద పెద్దక్షరాలతో ఉన్న విటమిన్ బి12 దగ్గరే పెద్దవాళ్ళు కూడా పప్పులో కాలేస్తారు. ఈస్ట్‌కి బి12 తయారు చేయడం రాదు. మొక్కలకీ రాదు, జంతువులకీ రాదు. ఆ విద్య కొన్ని బ్యాక్టీరియాలకీ, ఆర్కియా అనే వాటి సాటి సూక్ష్మజీవులకీ మాత్రమే తెలుసు. బి12 నడిమధ్యలో కోబాల్ట్ అనే లోహం అణువు ఒకటి ఉంటుంది. ఆ నిర్మాణం ఎంత చిక్కుముడో 1956లో ఎక్స్‌రేలతో తేల్చిన డొరొతీ హాడ్జ్‌కిన్‌కి 1964లో నోబెల్ వచ్చింది. మరి మీ డబ్బాలోకి బి12 ఎలా వచ్చింది? బ్యాక్టీరియా చేత చేయించి ఫ్యాక్టరీలో కలిపారు. అలా కలిపితే ఫోర్టిఫైడ్ అంటారు. కలపని రకాలూ ఉన్నాయి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములే, అంటే గ్రాములో పది లక్షల వంతుకి రెండున్నర రెట్లయినా లేదు. కానీ ఆ కాస్తా అందకపోతే రక్తం, నరాలు దెబ్బతింటాయి. ఈస్ట్ తింటున్నాం కదా అని ధైర్యంగా ఉండే వీగన్ ముందు లేబుల్ వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవాలి.

అలాగని ఈస్ట్ వట్టిచేతులది కాదు. థయమిన్, రైబోఫ్లేవిన్, ఫోలేట్ అనే బి విటమిన్లు దాని సొంతానివే, ఫోర్టిఫైడ్‌లో వాటినీ ఇంకాస్త కలుపుతారు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ బొంబాయిలో రక్తహీనతతో బాధపడే గర్భిణులకి మార్మైట్ పెట్టి నయం చేసింది. అది ఈస్ట్ నుంచి తీసిన నల్లటి జిగురు ముద్ద. అందులో పని చేసినదేమిటో ఆవిడకి అంతు చిక్కలేదు. అది ఫోలేట్ అని తర్వాత తేలింది.

రైబోఫ్లేవిన్ పసుపు రంగులో ఉంటుంది. ఫోర్టిఫైడ్ రేకులు బాగా తిన్నాక బాత్‌రూమ్‌లో మెరిసే పసుపు కనిపిస్తే కంగారు పడకండి, ఒంటికి అక్కర్లేనిది బయటికి పోతోందంతే. వెలుతురు తగిలితే ఈ విటమిన్ పాడైపోతుంది. కాబట్టి గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టొద్దని అమ్మతో చెప్పండి.

అందరికీ పడదు కూడా. రుచినిచ్చే ఆ ఆర్‌ఎన్‌ఏ ఒంట్లో విరిగితే యూరిక్ ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే గౌట్ జబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. క్రోన్స్ లాంటి పేగు జబ్బులున్నవాళ్ళూ, కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడేవాళ్ళూ డాక్టర్ని అడగాలి.

ఆదివారం మీకో పని. రెండు చిన్న సీసాల్లో సగం దాకా గోరువెచ్చని నీళ్ళు, రెండేసి చెంచాల చక్కెర పొయ్యండి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే బతికున్నదీ చస్తుంది. ఒకదాంట్లో చెంచా బ్రెడ్ ఈస్ట్, రెండోదాంట్లో చెంచా పసుపు రేకులు వేసి, మూతులకి బెలూన్లు తొడగండి. గంట తర్వాత ఫోటో తీసి నాకు పంపండి. రెండో బెలూన్ కూడా ఉబ్బి కనిపించిందంటే, పెద్దాడా, అది నువ్వు ఊదిందేనని నాకు తెలిసిపోతుంది.

మీ తాతయ్య