పులికాట్ ముఖద్వారం తవ్వకం: అనుమతుల చుట్టూ అపోహలు, వాస్తవాలు

పులికాట్ సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతే ఏమవుతుందో ఆ ఒడ్డున బతికేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రపు నీటితోపాటు రావలసిన రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి రావు, వేసవిలో సరస్సు ఉత్తర భాగం చాలా వరకు ఎండిపోతుంది, పడవలు బురదలో నిలిచిపోతాయి. ముఖద్వారాన్ని తవ్వి తెరవాలన్న మత్స్యకారుల కోరిక పూర్తిగా న్యాయమైనది. అయితే అనుమతుల ప్రస్తావన రాగానే, ఫైళ్లను తిప్పడానికే ఈ నిబంధనలన్నీ పెట్టారన్న అభిప్రాయం గ్రామసభల్లోనూ, కొన్నిసార్లు ఇంజినీర్ల సమావేశాల్లోనూ బలంగా వినిపిస్తుంది. తీరప్రాంత ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలు తయారుచేసే వృత్తిలో ఉన్నవాడిగా ఆ మాటల్లో తరచుగా వినేవాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. నా దృష్టిలో అనుమతి ప్రక్రియ అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: తవ్విన దారి తెరిచి ఉంటుందా, తీసిన ఇసుక ఎక్కడికి పోతుంది? అనుమతి ఉన్నా లేకపోయినా మత్స్యకారుడికి కావలసిన సమాధానం కూడా అదే.

అపోహ: ఇది పాత దారిలో పూడిక తీయడమే కనుక పర్యావరణ అనుమతి అక్కరలేదు.

ఈ వాదనకు ఆధారంగా రెండు నిబంధనలను చూపిస్తారు. మొదటిది, 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో ఓడరేవులు, హార్బర్లు, డ్రెడ్జింగ్‌లకు సంబంధించిన 7(ఇ) అంశం. 2009 డిసెంబరు సవరణ దీనికి వివరణ ఇచ్చింది. దాని ప్రకారం ఓడరేవుల లోపల, వెలుపల, ఛానళ్లలో కొత్తగా లోతు చేసే తవ్వకం, అంటే క్యాపిటల్ డ్రెడ్జింగ్, అనుమతి పరిధిలోకి వస్తుంది. నిర్వహణ కోసం చేసే డ్రెడ్జింగ్‌కు మినహాయింపు ఉంది. కానీ ఆ నిర్వహణ పని మొదటి ప్రతిపాదనలోనే భాగమై, దానికి పర్యావరణ నిర్వహణ ప్రణాళిక తయారై, అనుమతి వచ్చి ఉన్నప్పుడే ఆ మినహాయింపు దక్కుతుంది. ఒక్కసారి కూడా అనుమతి తీసుకోని సహజ ముఖద్వారానికి ‘మొదటి ప్రతిపాదన’ అనేదే లేనప్పుడు, దాని నిర్వహణ అనే మాటకు ఈ నోటిఫికేషన్‌లో చోటు దొరకదు.

రెండోది, అదే నోటిఫికేషన్‌కు 2016 జనవరి సవరణతో చేరిన తొమ్మిదో అనుబంధం. ఆనకట్టలు, జలాశయాలు, బ్యారేజీలు, నదులు, కాలువల నిర్వహణకు, విపత్తు నిర్వహణకు చేసే పూడికతీతను అది అనుమతి నుంచి మినహాయించింది. దీన్ని చదివేటప్పుడు ‘నిర్వహణకు’ అన్న ప్రయోజనాన్ని వదిలేసి ‘పూడికతీత’ అన్న పని పేరును మాత్రమే పట్టుకుంటారు. ప్రయోజనం మారితే మినహాయింపు నిలవదు. పడవ మీద యంత్రం పెట్టి నది అడుగు నుంచి ఇసుక తోడి లారీలకు ఎత్తుతుంటే, కాగితం మీద ఆ పనికి ఏ పేరు పెట్టినా నదికి జరిగేది ఒకటే. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణానదిలో సాగిన ఇసుక తవ్వకాల వ్యవహారంలో, అక్రమ తవ్వకాలను అరికట్టలేదన్న కారణంతో 100 కోట్ల రూపాయలు జమ చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అందుకే అనుమతి అవసరమో కాదో మనకు మనమే తీర్మానించుకోకుండా, పని వివరాలన్నీ పెట్టి ముందుగా కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖను లిఖితపూర్వకంగా అడగడం మంచిదని నా సలహా. పైగా పులికాట్ రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉంది, సరస్సులో చాలా భాగం పక్షుల అభయారణ్యం. అటువంటి చోట రాష్ట్ర స్థాయిలో తేలవలసిన ప్రతిపాదన కూడా సాధారణ షరతు కింద కేంద్రానికే వెళుతుంది.

అపోహ: తీర నియంత్రణ నిబంధనలు సముద్రపు ఒడ్డుకే గానీ సరస్సుకు వర్తించవు, వర్తిస్తే మాత్రం తవ్వనివ్వవు.

రెండు మాటలూ తప్పే. ఆటుపోట్ల ప్రభావం ఉన్న నీటివనరులన్నీ తీర నియంత్రణ ప్రాంతం, అంటే సీఆర్‌జెడ్ పరిధిలోనివే. సంవత్సరంలో అత్యంత పొడిగా ఉండే కాలంలో కొలిచినప్పుడు నీటిలో లవణీయత వెయ్యికి 5 భాగాలు ఉండే చోటు వరకు ఆ ప్రభావం ఉన్నట్టు లెక్క. ఇక రెండో మాటకు వస్తే, 2011 నోటిఫికేషన్‌లోనూ, 2019 నోటిఫికేషన్‌లోనూ జలమార్గాలను, ఛానళ్లను శుభ్రపరచడం, ఇసుక మేటలను నివారించడం అనుమతించదగిన పనుల జాబితాలోనే ఉన్నాయి. చట్టం అడిగేది ముందస్తు అధ్యయనాన్ని, అధీకృత సంస్థ 1:4000 స్కేలులో గీసిన పటాన్ని. పోటు రేఖ, పాటు రేఖ, తవ్వే గీత, ఇసుక పోసే చోటు ఒకే పటం మీద కనిపించాలి. ఇసుక పోసే చోటు గుర్తించకుండా వచ్చే దరఖాస్తులే ఎక్కువగా వెనక్కి వస్తాయి.

అపోహ: సరస్సులోకి నీరు పెంచడం పక్షులకు మేలే కనుక వన్యప్రాణి అనుమతి లాంఛనమే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 29వ సెక్షన్‌ను శ్రద్ధగా చదవాలి. అభయారణ్యంలోకి వచ్చే నీటిని, బయటకు పోయే నీటిని మళ్లించడం, ఆపడంతోపాటు పెంచడాన్ని కూడా ఆ సెక్షన్ అనుమతి లేనిదే చేయరాదంటుంది. వన్యప్రాణుల మెరుగుదలకు, మెరుగైన నిర్వహణకు ఆ పని అవసరమని ప్రభుత్వం సంతృప్తి చెందితేనే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పర్మిట్ ఇస్తారు. విషయం జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం వరకు వెళుతుంది. ‘పెంచడం’ అన్న పదాన్ని అక్కడ ఊరికే పెట్టలేదు. పులికాట్ సగటు లోతు దాదాపు ఒక మీటరే. ఫ్లెమింగోలు ఆహారం వెదికేది కాళ్లు నేలకు ఆనే పలుచని నీటిలో. సరస్సు పూర్తిగా ఎండిపోయినా వాటికి నష్టమే, మేత దొరికే పలుచని నీరంతా లోతైనా నష్టమే. ఎంత వెడల్పు, ఎంత లోతు తవ్వితే ఏ నెలలో సరస్సు ఏ భాగంలో నీటిమట్టం ఎంత ఉంటుందో లెక్క కట్టి చూపించగలిగితే, ఈ సెక్షన్ ప్రాజెక్టుకు అడ్డం కాదు, ఆధారమవుతుంది. ఆ లెక్క లేకుండా ‘పక్షులకు మేలు’ అని ఒక వాక్యం రాసి పంపితే ప్రశ్నలు తప్పవు.

అపోహ: పెద్ద డ్రెడ్జర్ తెచ్చి ఒకసారి లోతుగా తవ్వితే శాశ్వతంగా తెరిచి ఉంటుంది.

ఈ విషయంలోనే ప్రజాధనం ఎక్కువగా ఇసుకపాలవుతుంది. ముఖద్వారాన్ని తెరిచి ఉంచేది యంత్రం కాదు, ప్రతి పోటుకు లోపలికి వచ్చి ప్రతి పాటుకు వెనక్కి వెళ్లే నీరు. ఆ నీటి పరిమాణానికి తగిన అడ్డుకొలతనే ముఖద్వారం నిలబెట్టుకుంటుంది. దానికి మించి వెడల్పు చేస్తే ప్రవాహ వేగం తగ్గి ఇసుక అక్కడే దిగుతుంది, చిన్నది చేస్తే తీరం వెంట వచ్చే ఇసుక దాన్ని మూసేస్తుంది. మన తీరంలో నైరుతి రుతుపవన కాలంలో కెరటాలు ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి నెడతాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరం వైపు కదలికే ఎక్కువ. ఆటుపోటుల ఎత్తు ఒక మీటరు లోపే ఉండే ఈ తీరంలో, అంత ఇసుకను ఊడ్చివేసే శక్తి పోటునీటికి ఒంటరిగా చాలదు. వర్షాకాలంలో కాళంగి, అరణి వంటి నదుల వరద కూడా తోడు రావాలి. ఎగువన ఆ వరద తగ్గిన ఏడాది ముఖద్వారం పూడటం వెనుక కారణం ఇదే. సరస్సు లోపల మట్టి మేటవేసి నీరు పట్టే సామర్థ్యం తగ్గినా ఇదే ఫలితం. కనుక ముఖద్వారం దగ్గర మాత్రమే తవ్వి, లోపలి కాలువలను వదిలేసే డిజైన్‌ను నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను.

దీనికి మనకు దగ్గరలోనే మంచి ఉదాహరణ ఉంది. ఒడిశాలోని చిలికాలో పాత ముఖద్వారం పూడి, ఉప్పునీరు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయిన దశలో ఆ సరస్సును 1993లో అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం కింద, ప్రమాదంలో ఉన్న రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రం వంటి సంస్థలు నమూనా అధ్యయనాలు చేసిన తరువాత 2000 సెప్టెంబరు 23న సాతపడ ప్రాంతంలో కొత్త ద్వారం తెరిచారు. సముద్రానికి చేరే దారి దాదాపు 18 కిలోమీటర్లు తగ్గింది, చేపల దిగుబడి పెరిగింది, 2002లో చిలికా ఆ జాబితా నుంచి బయటపడింది. ఈ విజయాన్ని చెప్పేవారు రెండు విషయాలు వదిలేస్తారు. ద్వారం ఎక్కడ తెరవాలన్నది తవ్వకానికి ముందే అధ్యయనంతో తేల్చారు. అంత చేసినా తెరిచిన ద్వారం ఉన్నచోట ఉండక జరిగింది, 2008లో గబకుండ వద్ద సముద్రం తనంతట తానే మరో ద్వారం తెరిచింది. ముఖద్వారం కదిలే వ్యవస్థ. దాన్ని ఏటా కొలిచే నిధులు, మళ్లీ తవ్వే నిధులు మొదటి అంచనాలోనే ఉండాలి.

అపోహ: తీసిన ఇసుకను అమ్మితే ఖర్చు వెనక్కి వస్తుంది.

తీరం వెంట ఉత్తరానికి పోతున్న ఇసుక ముఖద్వారం దగ్గర ఆగింది. దాన్ని లారీల్లో ఎత్తుకుపోతే ఉత్తరాన ఉన్న పాళేలకు చేరవలసిన ఇసుక తగ్గి, వాటి ఒడ్డు కోతకు గురవుతుంది. విశాఖపట్నంలో 1970లలో ఔటర్ హార్బర్ అడ్డుగోడలు కట్టిన తరువాత ఇసుక కదలిక ఆగి, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురవుతున్నందున, హార్బర్ దగ్గర మేటవేసిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి బీచ్‌కు చేర్చే ఏర్పాటు దశాబ్దాలుగా నడుస్తోంది. రాయదొరువులోనూ శుభ్రమైన ఇసుకకు సరైన చోటు ఉత్తరపు ఒడ్డే. సీఆర్‌జెడ్‌లో అమ్మకం కోసం ఇసుక తవ్వకం నిషిద్ధం. ఆదాయం లెక్కతో మొదలైన ప్రతిపాదన ఆ నిషేధానికి నేరుగా ఎదురువెళుతుంది.

అన్నీ శుభ్రమైన ఇసుకే అనుకోవడం కూడా పొరపాటు. అడుగు నమూనా కోసం సాధారణంగా గ్రాబ్ వాడతారు. తాడుతో దించిన రెండు ఇనుప దవడలు నేల తగలగానే మూసుకుని గుప్పెడు ఇసుకను పైకి తెస్తాయి. అది పై 10, 15 సెంటీమీటర్ల సంగతి మాత్రమే చెబుతుంది. తవ్వేది రెండు మూడు మీటర్లయినప్పుడు గొట్టం దింపి అంత లోతు వరకు కోర్, అంటే పొరలు చెదరని నిలువు నమూనా, తీయాలి. సరస్సు వైపు తీసిన కోర్‌ను నిలువునా చీల్చి చూస్తే పైన లేత గోధుమరంగు ఇసుక, దాని కింద కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నల్లని బురద కనిపించవచ్చు. గాలి సోకని ఆ బురదను కలచివేస్తే నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేస్తుంది, అందులో పట్టి ఉన్న లోహాలు బయటపడే అవకాశం ఉంది. దాన్ని బీచ్ మీద పోయకూడదు. ఎన్ని కోర్లు తీశారు, ఎంత లోతు వరకు తీశారు అన్నది నివేదికలో నేను మొట్టమొదట చూసే పేజీ.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణలో ఎక్కువమంది చేతులెత్తితే అనుమతి వచ్చినట్టే.

అక్కడ ఓటింగ్ ఉండదు. హాజరుకు కోరం కూడా లేదు. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రాంతీయ భాషా దినపత్రికతో సహా ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, జిల్లా కలెక్టర్ లేదా ప్రతినిధి అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. అక్కడ లేచిన ప్రతి ఆందోళనకూ తుది నివేదికలో సమాధానం ఉండాలి. కనుక ‘మాకు ఇష్టమే’ అని చెప్పి కూర్చోవడం కంటే ఏ నెలలో ఏ వలతో ఎక్కడ వేట సాగుతుందో, యానాదులు చేత్తో రొయ్యలు పట్టే చోట్లు ఏవో చెప్పడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. పులికాట్ దక్షిణ భాగంలో వంతుల ప్రకారం వేట స్థలాలు పంచుకునే ‘పాడు’ పద్ధతి వంటివి ఉపగ్రహ చిత్రంలో కనిపించవు. అవి రికార్డులో చేరితేనే తవ్వకం గీత వాటిని తప్పించుకుని సాగుతుంది.

అపోహ: అధ్యయనం పేరుతో కాలయాపన చేస్తున్నారు.

కొంత ఆలస్యం నిజంగానే అనవసరమైనది, అసంపూర్ణ దరఖాస్తుల వల్ల వచ్చేది. మిగతాది కాలం నిర్దేశించేది. వలస పక్షులు అక్టోబరు నుంచి మార్చి వరకు ఉంటాయి. తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి మధ్య. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల భయం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఎక్కువమందికి తక్కువ నష్టంతో తవ్వగల వ్యవధి ఆ వేట విరామం చుట్టూనే తేలుతుంది. దానికి ముందు శీతకాలపు కొలతలు చేతిలో ఉండాలంటే పని కనీసం ఏడాది ముందే మొదలుపెట్టాలి.

అనుమతి వచ్చాక ఆ పత్రం ప్రతిని స్థానిక పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. షరతుల అమలు నివేదికను ప్రాజెక్టు చేపట్టినవారు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించాలి. అనుమతిపై అభ్యంతరం ఉంటే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు గడువు దొరుకుతుంది. పంచాయతీ బోర్డుపై ఆ పత్రం కనిపించిన రోజున మూడు షరతుల కోసం వెదకండి: రుతుపవనాలకు ముందు, తరువాత లోతు కొలవాలని ఉందా, ఇసుక పోసే చోటు పేరుతో సహా రాశారా, మళ్లీ పూడితే తవ్వవలసింది ఎవరో, ఎవరి డబ్బుతోనో చెప్పారా. మూడోది లేని అనుమతులే ఎక్కువ, ప్రజాభిప్రాయ సేకరణ రోజున పట్టుబట్టి రాయించవలసినదీ అదే.