రోటరీ ఇంజన్‌ని మాజ్దా ఎందుకు వదలట్లేదు: దీని వెనకున్న హిరోషిమా కథ

2023 జూన్‌లో హిరోషిమాలోని ఉజినా ప్లాంట్‌లో పిస్టన్లు లేని రోటరీ ఇంజన్ ఉన్న కారు మళ్ళీ లైన్ మీదకొచ్చింది. 2012లో మాజ్దా పాత రోటరీ కారు ఆర్‌ఎక్స్-8 ఆగిపోయాక పదకొండేళ్ళకి అన్నమాట. ఈసారి ఆ ఇంజన్ చక్రాల్ని తిప్పదు, ఎంఎక్స్-30 ఆర్-ఈవీ అనే కార్లో బ్యాటరీకి కరెంట్ అందించే జనరేటర్‌గా కూర్చుంది. ప్రపంచంలో ఇంకెవరూ కార్లలో పెద్దగా పట్టించుకోని ఇంజన్ మీద, అసలే చిన్న కంపెనీ, ఇంకా ఎందుకు డబ్బు పోస్తోంది అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి జవాబు ఇంజనీరింగ్ లెక్కల్లో కన్నా ఆ కంపెనీ చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది, ఎందుకంటే రోటరీ అనేది సరదాకి మొదలుపెట్టింది కాదు, వేరే కంపెనీలో కలిసిపోకుండా సొంతంగా బతకడానికి పట్టుకున్న ఆసరా.

ముందు మనకి మాజ్దా ఎలా తెలుసో చెప్పుకుందాం. మన దగ్గర ఆ పేరు వింటే గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్దానే, స్కూల్ బస్సులు, చిన్న లారీలు, పెళ్ళి వ్యాన్లు. 80ల్లో జపాన్ కంపెనీలు ఇక్కడి వాళ్ళతో కలిసి చిన్న ట్రక్కులు మొదలుపెట్టాయి కదా, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మాజ్దా. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాద్‌దే, తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. పంజాబ్‌లో పుట్టిన స్వరాజ్ మాజ్దా మధ్యలో ఎస్‌ఎంఎల్ ఇసుజు అయ్యి, 2025లో అది కూడా మహీంద్రా కిందకే వచ్చింది. మాజ్దా కార్ల షోరూమ్ మాత్రం ఇండియాలో లేదు, అందుకే అమెరికా వెళ్ళిన మనవాళ్ళు సీఎక్స్-5 కొన్నాక గానీ ఈ కంపెనీ కార్లు ఎలా ఉంటాయో మనలో చాలామందికి తెలియలేదు.

కంపెనీ పుట్టింది 1920లో, కార్ల కోసం కాదు, బెండు కోసం. సీసా మూతల బెండు. పేరు తోయో కార్క్ కోగ్యో. మరుసటి ఏడాది పగ్గాలు పట్టిన జుజిరో మత్సుదా హిరోషిమాలో జాలరి కుటుంబంలో పుట్టినవాడు, చిన్నప్పుడే ఒసాకా వెళ్ళి కమ్మరి దగ్గర పని నేర్చుకున్నాడు, పంపు కనిపెట్టి దాన్ని అమ్మి బతికాడు. ఇనుము పని తెలిసినవాడికి బెండు వ్యాపారం ఎన్నాళ్ళు ఆనుతుంది చెప్పండి, పైగా 1925లో ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. 1927లో పేరులోంచి కార్క్ తీసేసి తోయో కోగ్యో అని పెట్టారు, మిషన్ టూల్స్ తయారీ మొదలుపెట్టారు, 1931లో మాజ్దా-గో అనే మూడు చక్రాల బండి బయటకొచ్చింది. ముందు సగం మోటార్‌సైకిల్, వెనక సగం సామాన్లు వేసుకునే తొట్టి, 482 సీసీ ఇంజన్. జపాన్‌లో చిన్న షాపుల వాళ్ళకి, సరుకు రవాణా చేసుకునేవాళ్ళకి అది బాగా పనికొచ్చింది. మాజ్దా అనే పేరు పార్సీల దేవుడు అహుర మజ్దా నుంచి, కొంత మత్సుదా ఇంటిపేరు నుంచి తీసుకున్నారు.

ఇక 1945 ఆగస్ట్ 6. ఆ రోజు జుజిరో మత్సుదా డెబ్బయ్యో పుట్టినరోజు. పొద్దున్నే క్షవరం చేయించుకుని కార్లో ఫ్యాక్టరీకి బయల్దేరాడు, దారిలో ఉండగా బాంబు పడింది. ఆయన బతికాడు, కొడుకుల్లో ఒకరు పోయారు. ఫ్యాక్టరీ బాంబు పడ్డ చోటికి దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో, మధ్యలో హిజియామా అనే గుట్ట అడ్డంగా ఉండటంతో భవనాలు చాలావరకు నిలబడ్డాయి. కానీ ఊళ్ళోకి వెళ్ళిన ఉద్యోగుల్లో వందమందికి పైగా చనిపోయారు. ఊరు మొత్తం బూడిదైపోయింది కాబట్టి ప్రభుత్వాఫీసులకి కూర్చోడానికి గోడలు లేవు, అప్పుడు హిరోషిమా జిల్లా యంత్రాంగం దాదాపు ఏడాది పాటు ఈ ఫ్యాక్టరీలోంచే నడిచింది, కోర్టు, రేడియో కూడా అక్కడే తలదాచుకున్నాయి. ఆ డిసెంబర్‌కల్లా, అంటే నాలుగు నెలల్లోనే, మూడు చక్రాల బండ్ల తయారీ మళ్ళీ మొదలైంది. శిథిలాల మధ్య సామాన్లు మొయ్యడానికి జనానికి అప్పుడు అలాంటి బండే కావాలి. ఆ ఊరికీ ఈ కంపెనీకీ ఉన్న బంధం ఇక్కడ గట్టిపడిందని నేను నమ్ముతాను, తర్వాత జరిగిన ప్రతి నిర్ణయం వెనకా ఇది కనిపిస్తుంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళలో కెనిచి యమమోతో అని ఒక కుర్ర ఇంజనీర్ ఉన్నాడు. తోక్యో యూనివర్సిటీలో చదివినవాడు. ఇంటికొచ్చి చూస్తే ఇల్లు లేదు, చెల్లెలు లేదు. తోయో కోగ్యోలో చేరి షాప్ ఫ్లోర్ మీద మామూలు కార్మికుడిలా మూడు చక్రాల బండ్లకి గేర్‌బాక్సులు బిగించాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

కంపెనీ మొదటి కారు, ఆర్360 కూపే, 1960లో వచ్చింది, ధర 3 లక్షల యెన్‌లు, బుల్లి కారు, బాగా అమ్ముడైంది. కానీ సరిగ్గా అప్పుడే తోక్యోలో వాణిజ్య పరిశ్రమల శాఖ, మీటీ అంటారు, కొత్త ఆలోచనలో ఉంది. విదేశీ కార్లకి తలుపులు తెరిస్తే మన చిన్న కంపెనీలు నిలబడలేవు, కాబట్టి అన్నింటినీ రెండు మూడు గ్రూపులుగా కలిపేద్దాం అని. అలా కలిస్తే టొయోటా, నిస్సాన్ లాంటి పెద్దవాళ్ళు ఉంటారు, హిరోషిమా కంపెనీ ఎవరో ఒకరి కింద బ్రాంచ్ అయిపోతుంది. జుజిరో తర్వాత కంపెనీ నడుపుతున్న త్సునేజి మత్సుదాకి అర్థమైంది ఒకటే, ఇంకెవరి దగ్గరా లేనిది మన దగ్గర ఉంటే తప్ప మనల్ని విడిగా ఉండనివ్వరు. 1960లోనే జర్మనీ వెళ్ళి ఎన్‌ఎస్‌యూ కంపెనీతో ఫీలిక్స్ వాంకెల్ కనిపెట్టిన రోటరీ ఇంజన్ లైసెన్స్ మాట్లాడుకుని వచ్చాడు. తర్వాత గ్రూపుల చట్టం పార్లమెంట్‌లో ఆగిపోయింది గానీ, రోటరీ పని మాత్రం అప్పటికే మొదలైపోయింది.

రోటరీ అంటే ఏంటో క్లుప్తంగా. మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది, దాన్ని క్రాంక్ గుండ్రటి కదలికగా మారుస్తుంది. రోటరీలో పిస్టన్ లేదు, వాల్వులు లేవు, వేరుశనగకాయలా మధ్యలో కొంచెం నొక్కుకుపోయిన గూడులో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మూడు వైపులా మూడు ఖాళీలు, ఒకదాంట్లో గాలి పెట్రోలు లోపలికొస్తుంటే ఇంకోదాంట్లో మండుతుంటుంది, మూడోదాంట్లోంచి పొగ బయటికి పోతుంటుంది. అందుకే చిన్నగా, తేలిగ్గా ఉండి కూడా సాఫీగా, వణుకు లేకుండా తిరుగుతుంది. ఇబ్బంది అంతా ఆ మూడు మూలల దగ్గరే. ప్రతి మూల చివరా ఒక సన్నటి సీల్ ఉంటుంది, అది గోడకి రాసుకుంటూనే ఉండాలి, గ్యాస్ లీక్ అవ్వకూడదు, గోడని గీయకూడదు.

జర్మనీ నుంచి తెచ్చిన ఇంజన్ని నడిపి విప్పి చూస్తే గోడ నిండా అలలు అలలుగా గీతలు. జపాన్ ఇంజనీర్లు వాటికి దెయ్యం గోళ్ళ గీతలు అని పేరు పెట్టారు. 1963లో రోటరీ కోసం విడిగా ఒక విభాగం పెట్టి యమమోతోని హెడ్‌ని చేసారు, 47 మంది ఇంజనీర్లు, తమ ప్రభువు కోసం పగ తీర్చుకున్న 47 మంది సమురాయ్ యోధులైన రోనిన్‌ల కథ జపాన్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు కాబట్టి వీళ్ళకీ ఆ పేరే అంటుకుంది. నిద్ర లేచినా పడుకున్నా రోటరీ గురించే ఆలోచించండి అని యమమోతో వాళ్ళకి చెప్పాడంటారు. సీల్ కోసం దొరికిన ప్రతి పదార్థం ప్రయత్నించారు, గుర్రం ఎముక, ఆవు ఎముక కూడా వదల్లేదు. చివరికి అర్థమైంది ఏంటంటే సీల్ గోడ మీద జారుతూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగిపోతోంది, ఆ ఊపుకే గీతలు పడుతున్నాయి. సీల్ లోపల అడ్డంగా నిలువుగా రంధ్రాలు చేస్తే ఊపు మారింది, గీతలు పోయాయి. తయారీకి మాత్రం అల్యూమినియం కలిపిన కార్బన్ సీల్ వాడారు. ఆ ఇంజన్‌తో 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ వచ్చింది, రెండు రోటర్లు, ఒక్కోటి 491 సీసీ, 110 హార్స్‌పవర్. మొత్తం తయారైనవి 1,176 కార్లే, చేత్తో చేసినట్టు చేసారు. మరుసటి ఏడాది జర్మనీలో నూర్బర్గ్‌రింగ్‌లో 84 గంటల రేసులో ఒక కారు నాలుగో స్థానంలో వచ్చేసరికి ఈ ఇంజన్ నిలబడుతుందని యూరప్‌కీ తెలిసింది. దాన్ని మొదట చేసిన ఎన్‌ఎస్‌యూ మాత్రం సీల్ సమస్యల్లోనే చితికిపోయి ఫోక్స్‌వాగన్‌లో కలిసిపోయింది, అది కూడా గమనించాలి.

70ల మొదట్లో అమెరికాలో రోటరీ కార్లు బాగా పోయాయి. తర్వాత 1973 ఆయిల్ సంక్షోభం. రోటరీ తాగుడు ఎక్కువ, మండే ఖాళీ పొడుగ్గా సన్నగా ఉంటుంది కాబట్టి పెట్రోలు పూర్తిగా కాలదు, అమెరికా ప్రభుత్వ పరీక్షలో గ్యాలన్‌కి పది పదకొండు మైళ్ళే అని తేలేసరికి అమ్మకాలు కుప్పకూలాయి. కంపెనీ దివాలా అంచుకొచ్చింది, సుమితోమో బ్యాంక్ వచ్చి కూర్చుంది, మత్సుదా కుటుంబం యాజమాన్యం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, ఫ్యాక్టరీలో పని చేసే కార్మికుల్ని ఉద్యోగాలు తీసెయ్యకుండా దేశమంతా డీలర్ల దగ్గరికి కార్లు అమ్మడానికి పంపారు. లేత్ మీద పని చేసే మనిషి ఊరుకాని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి కారు అమ్మాడు. విచిత్రం ఏంటంటే ఆ కష్టకాలంలోనే, 1975లో, మత్సుదా కుటుంబానికి చెందిన హిరోషిమా తోయో కార్ప్ బేస్‌బాల్ టీమ్ మొదటిసారి లీగ్ గెలిచింది. టీమ్ పేరులో ఆ తోయో అంటే ఈ కంపెనీయే. ఊరు ఊరంతా రోడ్ల మీదకొచ్చింది. ఇప్పటికీ ఆ పేరు అలాగే ఉంది.

1979లో ఫోర్డ్ దాదాపు పావు వంతు వాటా కొంది. అంతకుముందే, ఆ దివాలా రోజుల్లోనే, రోటరీని వదిలెయ్యొచ్చు, బ్యాంకుకి ఉన్న కోరిక కూడా అదే అయ్యుంటుంది. వదల్లేదు, మైలేజ్ 40 శాతం పెంచే పని పెట్టుకున్నారు, రోటరీని మామూలు కార్లలోంచి మెల్లగా తీసి ముఖ్యంగా స్పోర్ట్స్ కార్ల వైపు తిప్పారు. 1978 ఆర్‌ఎక్స్-7 అలా వచ్చింది. ఇది నా దృష్టిలో వాళ్ళు తీసుకున్న అన్నిటికన్నా తెలివైన నిర్ణయం, బతుకుదెరువుకి ఫమీలియా లాంటి మామూలు కార్లు, ఉనికికి రోటరీ. యమమోతో 1984లో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు, గేర్‌బాక్సులు బిగించిన అదే మనిషి. పేరు కూడా ఆ ఏడాదే మాజ్దా మోటార్ కార్పొరేషన్ అయింది. ఎంఎక్స్-5కి బీజం కూడా ఆయన దగ్గరే పడింది, బాబ్ హాల్ అనే అమెరికన్ జర్నలిస్ట్ పాత బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్ల లాంటిది చెయ్యండి అని ఆయనకి చెప్పాడు, తర్వాత తనే మాజ్దాలో చేరాడు. 1989లో షికాగో షోలో వచ్చిన ఆ రెండు సీట్ల కారు 2016కల్లా పది లక్షలు దాటింది. అందులో రోటరీ లేదు, పెద్ద పవర్ కూడా లేదు. బరువు తక్కువ, స్టీరింగ్ చేతికి మాట్లాడుతుంది, గుర్రం రౌతు ఒక్కటైనట్టు ఉండాలన్నదే వాళ్ళ లెక్క. మాజ్దా అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా సగం ఈ కారు వల్లే.

మిగతా సగం 1991లో ఫ్రాన్స్ లె మాన్ 24 గంటల రేసు వల్ల. 787బీ అనే రేసు కారు, నాలుగు రోటర్ల ఇంజన్, దాదాపు 700 హార్స్‌పవర్, నారింజ ఆకుపచ్చ రంగులు, నంబర్ 55. వైడ్లర్, హెర్బర్ట్, గాషో ముగ్గురూ కలిసి 24 గంటల్లో 362 ల్యాప్‌లు. చివరి వంతు నడిపిన హెర్బర్ట్ ఒంట్లో నీళ్ళు లేక పడిపోయి పోడియం మీదకే రాలేకపోయాడు. రూల్స్ వల్ల వాళ్ళ కారు 830 కిలోలకే సరిపోయింది, మెర్సిడెస్, జాగ్వార్‌లు 1000 కిలోలు మోసాయి, అది నిజమే, కానీ 24 గంటలు ఆ సీల్స్ నిలబడ్డాయి కదా, అదే అసలు గెలుపు. లె మాన్ గెలిచిన మొదటి జపాన్ కంపెనీ మాజ్దా, టొయోటాకి అది 2018 దాకా అందలేదు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. భూములు, షేర్ల ధరలు ఉబ్బిపోయిన బబుల్ కాలంలో జపాన్‌లో ఐదు వేరు వేరు సేల్స్ నెట్‌వర్కులు పెట్టి చేతులు కాల్చుకున్నారు, 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి పెరిగింది, హెన్రీ వాలెస్ ప్రెసిడెంట్ అయ్యాడు, జపాన్ కార్ల కంపెనీకి విదేశీయుడు అధిపతి అవ్వడం అదే మొదలు. 2008లో ఫోర్డే డబ్బుల్లేక వాటా అమ్మడం మొదలుపెట్టింది, 2015కి పూర్తిగా వెళ్ళిపోయింది. మాజ్దా వరసగా నాలుగేళ్ళు నష్టం, 2012 మార్చితో ముగిసిన ఏడాదిలోనే 10 వేల కోట్ల యెన్‌లకి పైగా. ఆ డబ్బుతో హైబ్రిడ్ చెయ్యలేరు. అందుకని పెట్రోలు ఇంజన్నే లోతుగా తవ్వారు, కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి పెట్రోలుని నొక్కే నిష్పత్తి, 14:1కి తీసుకెళ్ళి స్కైయాక్టివ్ అన్నారు, సీఎక్స్-5 దానిమీదే కంపెనీని నిలబెట్టింది. అప్పటి డిజైన్ హెడ్ ఇకువో మయెదా, ఆర్‌ఎక్స్-8 గీసినవాడు, మొదటి ఆర్‌ఎక్స్-7 గీసిన మతసాబురో మయెదా కొడుకు. ఎండలో ఆ ఎర్ర రంగు, సోల్ రెడ్, ఒంపు దగ్గర ముదురుగా అంచు దగ్గర మెరుస్తూ మారుతుంటే ఖరీదైన యూరప్ కార్ల పక్కన నిలబెట్టినా తీసిపోదు.

2017లో టొయోటా ఐదు శాతం వాటా తీసుకుంది, అలబామాలో ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీ కట్టారు, హైబ్రిడ్ టెక్నాలజీ కూడా టొయోటా నుంచే వస్తుంది. మరి టొయోటా దగ్గర అన్నీ దొరుకుతుంటే రోటరీ ఎందుకు అంటే, మళ్ళీ అదే 1960 నాటి భయం, అన్నీ అవతలివాళ్ళవే అయితే మనం ఎవరం. పైగా జనరేటర్ పనికి రోటరీ నిజంగా సరిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు ఎక్కువ తాగేది, జనరేటర్‌గా అయితే తనకి నచ్చిన స్పీడ్ దగ్గరే ఎక్కువసేపు తిరగొచ్చు. ఎంఎక్స్-30లో ఒక్కటే రోటర్, 830 సీసీ, మోటార్ పక్కనే ఒకే షాఫ్ట్ మీద ఇమిడిపోయింది, పిస్టన్ ఇంజన్ అయితే ఆ చోట పట్టదు. 2023 అక్టోబర్‌లో తోక్యోలో ఐకానిక్ ఎస్పీ అనే ఎర్ర స్పోర్ట్స్ కారు కాన్సెప్ట్ చూపించారు, అందులో రెండు రోటర్లు. 2024 ఫిబ్రవరిలో రోటరీ విభాగాన్ని మళ్ళీ తెరిచి 36 మంది ఇంజనీర్లని వేసారు, వాళ్ళ ముందున్న పని ఆ పాత లోపమే, పెట్రోలు పూర్తిగా మండించడం, అమెరికా యూరప్ ఎమిషన్ రూల్స్‌కి సరిపోయేలా చెయ్యడం.