అపోహలు - వాస్తవాలు: కంప్యూటర్ పరీక్షలో జవాబులు నిజంగా ఎక్కడ పోతున్నాయి?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కళాశాలల ల్యాబులను ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షలకు సిద్ధం చేయడం, ఆ ల్యాబుల్లో ఇన్విజిలేటర్లుగా నిలబడే అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. మన రాష్ట్రంలో ఎంసెట్ 2018లో కంప్యూటర్ మీదికి వచ్చింది. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపరు 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదనే జరుగుతోంది. ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారింది గానీ, శిక్షణకు వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న మాత్రం నేటికీ మారలేదు: "మధ్యలో కరెంటు పోతే పిల్లలు రాసినదంతా పోయినట్టే కదండీ?" గేటు బయట ఎండలో నిలబడిన తల్లిదండ్రులు ఈ మాట అడిగితే వారి ఆందోళనను అర్థం చేసుకోగలను, ఎన్నిసార్లయినా ఓపికగా చెప్పగలను. కానీ లోపల డ్యూటీ చేయవలసిన లెక్చరర్లే దీన్ని నమ్మి, పరీక్ష హాల్లో పిల్లల ముందు పైకి అనేస్తుంటే చిరాకు కలుగుతుంది. అన్ని అపోహల్లోకీ పిల్లలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే కనుక ముందుగా దీని సంగతే చూద్దాం.

అపోహ: కరెంటు పోయినా, సిస్టమ్ హ్యాంగయినా రాసిన జవాబులూ, సమయమూ పోతాయి.

వాస్తవం: విద్యార్థి ముందున్న కంప్యూటర్ జవాబులను దాచుకునే చోటు కాదు. అతడు "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కిన ప్రతిసారీ ఆ జవాబు ల్యాన్ (కేంద్రంలోని కంప్యూటర్లను కలిపే లోపలి నెట్‌వర్క్) ద్వారా ఆ పరీక్ష కేంద్రంలోనే ఉన్న సర్వర్‌కు చేరిపోతుంది. పరీక్ష గడియారాన్ని నడిపేది కూడా సర్వరే. అందువల్ల ఎదుట ఉన్న యంత్రం పూర్తిగా చచ్చిపోయినా, విద్యార్థిని పక్కనున్న బఫర్ సిస్టమ్‌కు మార్చి అదే లాగిన్‌తో తెరిస్తే, సేవ్ చేసిన జవాబులన్నీ యథాతథంగా కనిపిస్తాయి, ఆగిన క్షణానికి మిగిలి ఉన్న సమయం నుంచే గడియారం మళ్లీ నడుస్తుంది. ప్రతి ల్యాబులో కొన్ని కంప్యూటర్లను ఎవరికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచేది ఇందుకే. వాటిని చూసి "సిస్టమ్స్ ఖాళీగా ఉన్నాయి, ఇంకొందరిని కూర్చోబెట్టవచ్చు కదా" అనే యాజమాన్యాలు ఇప్పటికీ తారసపడుతూనే ఉంటాయి.

మరి జవాబులు పోవడం లేదా అంటే, పోతున్నాయి. అయితే అందరూ భయపడే చోట కాదు. విద్యార్థి ఒక ప్రశ్నకు ఆప్షన్ ఎంచుకుని, సేవ్ చేయకుండా కుడివైపు పట్టికలోని మరో ప్రశ్న నంబర్ మీద నేరుగా నొక్కితే, ఆ జవాబు సేవ్ కాదు. ఈ సంగతి పరీక్షకు ముందు తెర మీద కనిపించే సూచనల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ సూచనలను పూర్తిగా చదివే విద్యార్థి అరుదు, చదవమని చెప్పే ఇన్విజిలేటర్ అంతకన్నా అరుదు. ఈఏపీసెట్‌లో ఈ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఉంటాయి, నెగెటివ్ మార్కులు ఉండవు, కనుక "ఒక్కటి కూడా వదలవద్దు" అని ప్రతి కోచింగ్‌లోనూ నూరిపోస్తారు. చివరి పది నిమిషాల్లో పిల్లలు వదిలేసిన ప్రశ్నల నంబర్ల మీద వరుసగా నొక్కుతూ, తోచిన ఆప్షన్ ఎంచుకుంటూ పరుగు తీస్తారు. ఆ హడావిడిలో సేవ్ నొక్కరు. సమయం ముగిసేసరికి అన్నీ పెట్టేశామనుకుని సంతోషంగా లేచి వెళతారు గానీ, ఆ నంబర్లు ఆకుపచ్చగా మారకుండా ఎర్రగానే ఉండిపోతాయి. అలాంటి తెరలను, కుర్చీలు ఖాళీ అయ్యాక వరుసల మధ్య నడుస్తూ నేను చూశాను. కరెంటు పోయి జవాబులు కోల్పోయిన విద్యార్థి మాత్రం నా అనుభవంలో ఎదురుపడలేదు.

సమయం విషయంలోనూ భయం ఒక చోట, నష్టం మరొక చోట ఉన్నాయి. కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతే సమయం భద్రంగానే ఉంటుంది. మౌస్ ఒక్కటే మొరాయిస్తే మాత్రం ల్యాన్ బాగానే ఉంటుంది, తెర వెలుగుతూనే ఉంటుంది, గడియారమూ నడుస్తూనే ఉంటుంది. ఇలాంటప్పుడు చేయెత్తడానికి మొహమాటపడి, మౌస్‌ను బల్లకేసి కొడుతూ కూర్చునే పిల్లలు చాలామంది. నున్నగా మెరిసే సన్‌మైకా బల్లల మీద ఆప్టికల్ మౌస్ సరిగ్గా కదలదు. పాయింటర్ ఒకచోట నుంచి మరొకచోటికి ఎగిరిపడుతుంది. దాని కింద ఒక తెల్ల కాగితం పెడితే చాలు, కుదురుకుంటుంది. రూపాయి ఖర్చు లేని ఈ పనిని ముందు రోజు సాయంత్రం చేయించుకోని ల్యాబుల్లో, మొదటి షిఫ్టు ప్రారంభమైన పావుగంటలోనే నాలుగు వైపుల నుంచీ చేతులు లేస్తాయి.

ఒక మే నెలలో గుంటూరు వైపు ఒక కళాశాలలో జరిగినది చెబుతాను. మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నట్టుండి కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కనుక కంప్యూటర్లు ఆరిపోలేదు, జనరేటర్ కూడా కాసేపటికే అందుకుంది. అయినా ఒక ల్యాబులో మాత్రం తెరలన్నీ ఒకేసారి బిగుసుకుపోయాయి. యాజమాన్యం వారు సర్వర్ పాడయిందని, టెక్నీషియన్ సాఫ్ట్‌వేర్ లోపమని వాదించుకుంటున్నారు. తీరా చూస్తే, ఆ ల్యాబు మూలన గోడకు బిగించిన, కంప్యూటర్లను సర్వర్‌తో కలిపే పెట్టె అయిన నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్గును ఎవరో యూపీఎస్ లైనులో కాకుండా మామూలు కరెంటు లైనులో పెట్టారు. కరెంటు పోగానే స్విచ్ ఆరిపోయింది, జనరేటర్ వచ్చాక మళ్లీ తేరుకోవడానికి దానికి కొంత సమయం పట్టింది. కంప్యూటర్లు బతికే ఉన్నాయి, సర్వర్ బతికే ఉంది, మధ్యలో దారి మాత్రమే తెగిపోయింది. కళాశాల వారు లక్షలు పోసి కొన్న యూపీఎస్ ఆ ఒక్క ప్లగ్గు దగ్గర అక్కరకు రాలేదు.

ఆ కొద్ది నిమిషాల్లో ఎక్కువ నష్టం చేసింది స్విచ్ కాదని నేను చెబితే కొందరికి వింతగా అనిపించవచ్చు. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వణుకుతున్న గొంతుతో, "మేడమ్, నేను పెట్టినవన్నీ పోయినట్టేనా?" అని అడిగింది. "ఏమోనమ్మా, నాకేం తెలుసు, టెక్నీషియన్ వస్తాడు ఉండు" అన్నారు ఆ మేడమ్. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమెకు నిజంగానే తెలియదు, ఎందుకంటే ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెర తేరుకున్నాక ఆ అమ్మాయి జవాబులన్నీ అలాగే ఉన్నాయి. అయినా ఆమె మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే తెరిచి సరిచూసుకోవడం మొదలుపెట్టింది. యంత్రం తినని సమయాన్ని ఆ భయం తినేసింది.

అందుకే నా శిక్షణలో ఇన్విజిలేటర్ల చేత కొన్ని మాటలు బిగ్గరగా అనిపిస్తాను, ఎంత సీనియర్ ప్రొఫెసర్లయినా సరే: "నువ్వు సేవ్ చేసినవన్నీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయమ్మా. ఆగిన దగ్గర నుంచే నీ సమయం మొదలవుతుంది. సిస్టమ్ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఆగిందో నేను రాసుకున్నాను." ఈ చివరి వాక్యం ఉత్త ఓదార్పు కాదు. ఆగిన సమయం, మళ్లీ మొదలైన సమయం, సిస్టమ్ నంబర్, హాల్‌టికెట్ నంబర్ ఘటనల రిజిస్టరులో అప్పటికప్పుడు నమోదై ఉంటేనే, తరువాత ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు విద్యార్థికీ, ఇన్విజిలేటర్‌కూ ఆధారం ఉంటుంది. దానితో పాటు, చేయకూడని పని ఒకటి ఉంది. హ్యాంగయిన కంప్యూటర్ పవర్ బటన్‌ను ఇన్విజిలేటర్ తనంతట తాను నొక్కి పట్టుకోకూడదు. విద్యార్థిని మరో సిస్టమ్‌కు మార్చాలన్నా, అది ల్యాబు టెక్నీషియన్ ద్వారా, నమోదుతో జరగాలి.

అపోహ: ఇంటర్నెట్ స్పీడుగా ఉంటే కేంద్రం సిద్ధంగా ఉన్నట్టే.

వాస్తవం: ప్రశ్నపత్రం గుప్త రూపంలో ముందుగానే కేంద్రం సర్వర్‌కు చేరుతుంది, పరీక్ష వేళకు తాళం తెరుచుకుంటుంది, ఆ తరువాత పిల్లల కంప్యూటర్లు మాట్లాడేది ల్యాన్‌లో ఉన్న సర్వర్‌తోనే. కాబట్టి కొత్త ఫైబర్ లైను వేయించామని గర్వంగా చెప్పే ప్రిన్సిపాళ్లను నేను అడిగేది వేరే విషయం: అన్ని కంప్యూటర్లూ ఒకేసారి లాగిన్ అయి ఉండగా, ఏసీలన్నీ నడుస్తుండగా, మెయిన్ ఆపి జనరేటర్ మీద ఒక గంట నడిపి చూశారా? ఈఏపీసెట్ మే నెల ఎండల్లో జరుగుతుంది. ఏసీల భారం మోయలేని జనరేటర్ ఆ గంటలోనే బయటపడుతుంది. నాలుగు కంప్యూటర్లు ఆన్ చేసి ఫొటో తీసి పంపేదాన్ని మాక్ (పరీక్షకు ముందు జరిపే నమూనా పరీక్ష) అనరు. విండోస్ అప్‌డేట్ ఆపకపోవడం, స్లీప్ మోడ్ తీసేయకపోవడం, యాంటీవైరస్ స్కాన్ మధ్యాహ్నం మూడింటికి పెట్టి మరిచిపోవడం, లోపలి బ్యాటరీ అయిపోయి తారీఖు తప్పు చూపించే పాత కంప్యూటర్‌ను అలాగే వదిలేయడం, ఇవన్నీ నిజమైన మాక్‌లోనే దొరుకుతాయి.

అపోహ: పరీక్షల్లో అక్రమాలపై కొత్త చట్టం వచ్చాక ఏ చిన్న లోపం జరిగినా ఇన్విజిలేటర్లు జైలుకే.

వాస్తవం: ఈ భయంతో డ్యూటీ వద్దంటున్న లెక్చరర్లను చూస్తే జాలి కలుగుతుంది, ఈ పుకారును వాట్సాప్‌లో తిప్పేవారిని చూస్తే కోపం వస్తుంది. 2024 జూన్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం జేఈఈ మెయిన్ వంటి ఎన్‌టీఏ (జాతీయ పరీక్షల సంస్థ) పరీక్షలకు వర్తిస్తుంది. అక్రమాలకు 3 నుంచి 5 ఏళ్ల జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా అందులో ఉన్న మాట నిజమే. రాష్ట్రం నిర్వహించే పరీక్షలకు 1997 నాటి మన రాష్ట్ర చట్టం వేరే ఉంది. అయితే కేంద్ర చట్టంలోని జాబితా ప్రశ్నపత్రం లీకు చేయడం, జవాబులను మార్చడం, కంప్యూటర్ నెట్‌వర్క్‌లో చొరబడడం వంటి పనులకు సంబంధించినది. మౌస్ పాడవడం, కరెంటు పోవడం అందులో లేవు. 2021లో జేఈఈ మెయిన్ సందర్భంగా హర్యానాలోని ఒక కేంద్రంలో బయటి నుంచి కంప్యూటర్లను నడిపించారన్న ఆరోపణపై సీబీఐ కేసు పెట్టింది. రిమోట్ సాఫ్ట్‌వేర్‌లను తొలగించమని, పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వవద్దని మేము పదే పదే చెప్పడం చాదస్తం కాదని దాన్నిబట్టి తెలుస్తుంది. నిజాయితీగా పనిచేసే అధ్యాపకుడికి ఇబ్బంది తెచ్చేది లోపం కాదు, ఎందుకొచ్చిన గొడవ అని ఆ లోపాన్ని రిజిస్టరులో రాయకుండా దాచడం.

మిగిలినవి త్వరగా చెబుతాను. సులువైన షిఫ్టు వచ్చినవారి మార్కులు కోసేస్తారన్నది తప్పు. జేఈఈ మెయిన్ పర్సంటైల్‌ను ఆ షిఫ్టులో రాసినవారితోనే పోల్చి లెక్కిస్తారు. పేపరు మీకు సులువైతే మీ పక్కవారికీ సులువే. పైగా దీనితో పరీక్ష కేంద్రానికి ఏ సంబంధమూ లేదు, ప్రిన్సిపాల్‌ను నిలదీసి లాభం లేదు. మళ్లీ చూద్దామని రివ్యూకు మార్క్ చేసిన జవాబును లెక్కలోకి తీసుకోరన్నది కూడా తప్పు. జవాబు పెట్టి మార్క్ చేసినది మూల్యాంకనానికి వెళుతుంది, జవాబు పెట్టకుండా మార్క్ మాత్రమే చేసినది వెళ్లదు. కీబోర్డు టైపింగ్ రానివారు వెనకబడతారన్న మాటలోనూ అర్థం లేదు. జేఈఈ మెయిన్‌లో అంకెలు నింపే ప్రశ్నలకు సైతం తెర మీది అంకెల పలకను మౌస్‌తోనే నొక్కాలి, కీబోర్డును ముట్టుకోకూడదు. ఒక్క నిమిషం ఆలస్యానికి ఎవరూ ఆపరన్నది మాత్రం ప్రమాదకరమైన ధీమా. విజయవాడ నుంచి గుంటూరు వైపు కేంద్రం పడినవారు ఉదయం వారధి మీది ట్రాఫిక్‌ను లెక్కలో వేసుకుని బయలుదేరాలి, ఎందుకంటే గేటు మూశాక తెరిచే అధికారం ఇన్విజిలేటర్‌కే కాదు, ప్రిన్సిపాల్‌కూ లేదు.

చివరిగా ఇంటర్ కళాశాలల వారికి ఒక అభ్యర్థన. పరీక్ష రోజే మొదటిసారి మౌస్ పట్టుకునే పిల్లలు ప్రతి ఏటా కొందరు వస్తున్నారు. ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లోనూ, ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లోనూ మాక్ పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. మీ ల్యాబును ఒక మధ్యాహ్నం తెరిచి, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలను ముందుగా కూర్చోబెట్టండి. మార్కులు ఎన్ని వచ్చాయని అడగకుండా, ఆప్షన్ ఎంచుకుని సేవ్ చేయకుండా మరో నంబర్ మీద నొక్కమని, వెనక్కి వచ్చి ఆ జవాబు ఏమైందో చూడమని చెప్పండి. ఒకసారి తమ చేత్తో తామే పోగొట్టుకుని చూసిన పిల్లలకు ఆ సంగతి మళ్లీ చెప్పే అవసరం రాదు.